ఎక్కువ దారికి సరిపోయే టైర్లు

కొత్త బండి వచ్చి షెడ్డులో నిలబడి వారం దాటినా నత్త దాని తాళం చెవి ముట్టుకోలేదు.

నత్త అన్నది అతని పేరు కాదు. కొండల మీది ఫోన్ టవర్లకు మనుషుల్నీ, బ్యాటరీల్నీ, డీజిలు డబ్బాల్నీ మోసుకెళ్ళే ఫోర్ వీల్ డ్రైవ్ బండికి అతను డ్రైవరు. మలుపు మలుపుకీ హారన్ కొట్టేవాడు. పక్కన లోయ కనబడితే రెండో గేరు దాటేవాడు కాదు. "వీడితో కొండెక్కాలంటే పొద్దుటి భోజనంతో పాటు రాత్రి భోజనం కూడా కట్టుకోవాలి" అని ఒకసారి అతని బావ అందరిముందూ అన్నాడు. నత్త అని పేరు పెట్టింది కూడా ఆయనే. అప్పట్నుంచీ ఆఫీసులో అసలు పేరు ఎవరి నోటా రాలేదు.

బావ అంటే అక్క భర్త. టవర్ల మీద మెకానిక్కు. వానలు మొదలైన కొత్తలో బావా బావమరుదులిద్దరూ పెద్ద టవరుకి వెళ్తుంటే దారి అంచు విరిగి బండి లోయలోకి పోయింది. మొదటి పల్టీకే నత్త వైపు తలుపు ఊడింది. అతను పొదల్లో పడి, మెడ కింది ఎముక విరగ్గొట్టుకుని బతికాడు. బావ బండితో పాటే వెళ్ళిపోయాడు.

విచారణకి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. కొలిచారు, ఫోటోలు తీశారు, నుజ్జయిన బండిని తాళ్ళతో పైకి లాగించి బ్రేకులు చూశారు, టైర్లు చూశారు. వేగం లేదు, బ్రేకుల్లో లోపం లేదు, టైర్లు అరగలేదు, నానిన నేల అడుగునుంచి కోసుకుపోయింది, తప్పు ఎవరిదీ కాదు అని తేల్చారు. ఆ మాట విని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నత్తకి మాత్రం దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పు తనదైతే ఏడ్చేవాడేమో. బ్రేకులదైతే ఎవరి మీదైనా అరిచేవాడేమో. ఎవరిదీ కాకపోయేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

అతను ఏడవలేదు. ఏడుపు వస్తే బాగుండునని అనుకోనూ లేదు. అమ్మ పెట్టింది తిన్నాడు. ఒకరోజు కూరలో ఉప్పే వెయ్యలేదని తర్వాత అమ్మ నాలుక కరుచుకుంటే, ఖాళీ కంచం వైపు చూసి "అలాగా" అన్నాడు. "గండం గడిచింది, నీ ఆయుష్షు గట్టిది" అని పలకరించిన వాళ్ళకి తలాడించాడు. ఎముక అతుక్కుంది, పట్టీ విప్పారు, తిరిగి డ్యూటీలో చేరాడు. కొన్నాళ్ళు షెడ్డులో స్టూలు మీద కూర్చుని వానని చూశాడు.

చివరికి సూపర్‌వైజరే దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"కంపెనీ వాడు వేసి పంపిన ఆ టైర్లు ఊళ్ళో షికార్లకి బాగుంటాయి గానీ కొండకి పనికిరావు. వెళ్ళి నీకు ఏవి మంచివనిపిస్తే అవి వేయించుకో. ఇందులో నేను వేలు పెట్టను."

"సరే సార్."

"సరే అని పోయిన వారం కూడా అన్నావు."

"రేపు వెళ్తాను."

ఆ సాయంత్రం ఇంట్లో అక్క మిక్సీ విప్పుకుని నేలమీద కూర్చుంది. అదే కంపెనీలో, ఊళ్ళోని వర్క్‌షాపులో ఆమె బ్యాటరీలు చూస్తుంది. పై వాటాలో ఆమె, ఆయన. కింద అమ్మ, నత్త. అలా ఒకే ఇంట్లో ఏళ్ళుగా ఉన్నారు. ఆయన పోయాక అక్క అందరికంటే ముందు తిరిగి పనిలో చేరింది. ఇంటికొచ్చాక ఊరికే కూర్చోలేక ఫ్యాను బాగుచేసింది, ఇస్త్రీపెట్టె బాగుచేసింది, ఎన్నేళ్ళుగానో మోగని కాలింగ్ బెల్లు మోగేలా చేసింది. ఇంట్లో చెడిపోయిన వస్తువంటూ లేకుండా పోయాక, బాగున్నవాటిని కూడా విప్పడం మొదలుపెట్టింది.

"రేపు టైర్లకి వెళ్తున్నావట. నేనూ వస్తాను" అంది తలెత్తకుండా.

"నువ్వెందుకక్కా?"

"మీ బావ పోస్టు అడిగాను. ఇచ్చారు. సోమవారం నుంచి ఆ బండిలో నీ పక్కన నేనే."

పాలు పొంగాయి అని చెప్పినంత మామూలుగా చెప్పింది. వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది.

"ఈ కొంపలోంచి ఆ కొండకి ఒకణ్ణి ఇచ్చాం. చాల్లేదా?"

"బ్యాటరీలు తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరమ్మా. టవరు పడుకుని ఎన్నాళ్ళో అయింది. కొండమీద వాళ్ళ ఫోన్లు పనిచెయ్యట్లేదు."

"పనిచెయ్యకపోతే మానె! ఫోన్లు మోగకపోతే ఎవరూ చావరు."

ఆ మాట వచ్చి ముగ్గురి మధ్యా పడింది. అమ్మ కాసేపు గరిటె వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. అక్క మిక్సీ మరలు ఒక్కొక్కటీ బిగించింది. దొర్లిపోయిన ఒక మరని నత్త ఏరి ఇచ్చాడు.

టైర్ల షాపు ఊరి చివర ఉంది. మర్నాడు అక్కని పక్కన కూర్చోబెట్టుకుని, నత్త కొత్త బండిని మెల్లగా అక్కడికి తోలుకొచ్చాడు. లోపల టైర్లు ఒకదానిమీద ఒకటి పేర్చి బావి వరల్లా నిలబెట్టారు. షాపాయన్ని డ్రైవర్లంతా రబ్బరు మామ అంటారు. బానపొట్ట, నుదుటి మీదికి ఎత్తిపెట్టుకున్న కళ్ళజోడు, నోటినిండా కబుర్లు. నత్తని చూడగానే, "రావయ్యా, తొందరేం లేదని నడిచొచ్చావా?" అని అలవాటుగా మొదలుపెట్టి, వెనకున్న అక్కని చూసి నోరు నొక్కుకున్నాడు. విషయం ఊరందరికీ తెలుసు.

"కూర్చోమ్మా" అన్నాడు, కుర్చీ మీద దుమ్ము చేత్తో తుడిచి.

నత్త కూర్చోలేదు, బేరం ఆడలేదు, ఏమున్నాయని అడగలేదు. నేరుగా మూలకి వెళ్ళి, బొటనవేలు మునిగేంత లోతు గాళ్ళున్న మడ్ టైరు మీద చెయ్యి వేశాడు.

"ఇవి. అయిదు."

"అవి బురదలో దిగేవాళ్ళు కొనేవి బాబూ."

"పళ్ళు పెద్దవి. పట్టు ఉంటుంది."

"ఎందుకుండదు? బురదని తింటూ కక్కుతూ పోతాయి. దున్నిన పొలంలోకి తోలినా అడగవు. కానీ తారు మీదో? లోపల ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినబడదు. పోనీ, మాటలు లేకపోతే పీడా పోయిందనుకో. వానకి తడిసిన తారు మీద బ్రేకు వెయ్యి, తెలుస్తుంది. ఇంతింత పళ్ళకి రోడ్డు తగిలేదెంత? గచ్చు మీద పిల్లి గోళ్ళతో నిలబడ్డట్టే. ఏడాది తిరక్కుండా అరిగి కూర్చుంటాయి."

"ఫర్లేదు. ఇవే."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "నాదేముంది, అమ్ముకునేవాణ్ణి" అని రబ్బరు మామ లోపలికి కేకెయ్యబోయాడు.

ఈలోగా అక్క గొంతుక్కూర్చుని పక్క వరసలోని టైరు గాళ్ళలో వేళ్ళు పెట్టి చూస్తోంది. "ఇవేంటి బాబాయ్?"

"అవా? ఆల్ టెరెయిన్ అంటారు తల్లీ. అన్ని దారులకీ అని. చెప్పాలంటే ఏ దారిలోనూ ఫస్టు మార్కు రాదు, ఏ దారిలోనూ ఫెయిలవదు. ఇంటికి పెద్దకొడుకు లాంటిది."

ఎవరూ నవ్వలేదు. రబ్బరు మామ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"దారి చెప్పరా" అంది అక్క.

"ఏ దారి?"

"మనం వెళ్ళేది. ఆఫీసు గేటు నుంచి టవరు దాకా. నేనెప్పుడూ వెళ్ళలేదుగా."

నత్త టైరు మీద చెయ్యి తియ్యకుండానే చెప్పాడు. ఊరు దాటేదాకా తారు. వంతెన తర్వాత కూడా తారే, గుంటలుంటాయి. రాళ్ళ క్వారీ దాటాక కంకర. కత్తుల్లాంటి రాళ్ళు, టైరు కిందికంటే పక్కనే ఎక్కువ కోస్తాయి. ఆ తర్వాత కొండ దారి. ఒక వాగు. వాగు దాటాక ఆఖరి ఎత్తు ఎర్రమట్టి, వానపడితే బురద.

"అంటే ఎక్కువ తారే."

"ఎక్కువ తారే. తర్వాత కంకర."

"బురద?"

"ఆఖర్న. కొంచెం."

"మరి అది ఎక్కడ?"

అది అంటే ఏదో అతనికి తెలుసు. "కంకర అయ్యాక, వాగుకి ముందు. కొండని ఆనుకుని ఒక మలుపుంటుంది."

"అక్కడ బురదుందా?"

"లేదు. గట్టి నేలే. గట్టిదే అనుకున్నాం."

"టైరు జారిందా?"

ఇన్నాళ్ళలో ఇంత తిన్నగా ఎవరూ అడగలేదు. విచారణ వాళ్ళు ఘటనా సమయానికి టైర్ల స్థితి ఏమిటని అడిగారు. ఆఫీసులో వాళ్ళు అడగకుండా భుజం తట్టారు.

"జారలేదక్కా" అన్నాడు నత్త. "జారితే చేతికి తెలుస్తుంది. స్టీరింగు తేలిపోతుంది. తేలలేదు. టైరు నేలని పట్టుకునే ఉంది. నేలే వెళ్ళిపోయింది."

రబ్బరు మామ గొంతు సవరించుకుని, "టీ చెప్పొస్తాను" అని బయటికి నడిచాడు.

"అయితే ఇవి వేసుకున్నా?" అంది అక్క, మడ్ టైరు చూపిస్తూ.

నత్త దాని పళ్ళ వైపు చూశాడు. "ఇవి వేసుకున్నా అంతే."

"మీ బావ ఏమైనా అన్నారా?"

"ఏమన్లేదు. బిస్కెట్ ప్యాకెట్ చిరగట్లేదని పళ్ళతో లాగుతున్నాడు."

అక్క తలాడించింది. "ప్యాకెట్లెప్పుడూ పళ్ళతోనే. కత్తెర పక్కనే ఉన్నా సరే" అంది. చేతులు దులుపుకుని, "ఆ ఒక్క చోటికని కాదురా. దారంతటికీ చూడు" అంది.

నత్త మడ్ టైరు మీంచి చెయ్యి తీశాడు. ఆ మాట నచ్చిందనీ కాదు, నచ్చలేదనీ కాదు. సబబుగా ఉంది, అంతే. రబ్బరు మామ టీలతో తిరిగొచ్చేసరికి అతను ఆల్ టెరెయిన్ టైర్లను ఒక్కొక్కటే వెలుతురులోకి దొర్లిస్తున్నాడు. పక్కగోడలు నొక్కి చూసి, రెండు పొరలవి వద్దని పక్కన పెట్టి, కంకరకి ఆగేలా మూడు పొరలున్నవి తియ్యమన్నాడు. తయారైన తేదీ ఎక్కడుందో వేలితో తడిమి, గోదాములో మురిగిన ఒకదాన్ని మార్చమన్నాడు. "ఇంకో సైజు పెద్దది వేస్తే బండి ఎత్తుగా, దర్జాగా ఉంటుంది" అని రబ్బరు మామ అంటే, "స్టీరింగు మొత్తం తిప్పినప్పుడు లోపల రాసుకుంటుంది" అన్నాడు. స్టెప్నీకి కూడా కొత్తదే వేయించాడు. ఈ పనంతా చేతులే చేసుకుపోయాయి. అతను పక్కన నిలబడి ఎవరో చేస్తుంటే చూస్తున్నట్టుంది.

టీ చల్లారిపోయాక తాగాడు.

సోమవారం పొద్దున్న సన్నటి తుంపర. అమ్మ ఇద్దరికీ భోజనం కట్టి, గుమ్మంలో నిలబడింది. వెనక సీట్లో బ్యాటరీలు, ముందు సీట్లో అక్క, ఆమె కాళ్ళ దగ్గర సామాన్ల సంచీ. తారు మీద కొత్త టైర్లు తేనెటీగల్లా రొద పెట్టాయి.

"మామ చెప్పిన శబ్దం ఇదేనా?"

"ఇది తక్కువే. అవైతే ఇంకా ఎక్కువ."

వంతెన దిగేచోట ఒక కుక్క అడ్డమొస్తే నత్త బ్రేకు వేశాడు. తడి రోడ్డు మీద బండి తిన్నగా ఆగింది. కుక్క వీళ్ళని తేరిపార చూసి, తీరిగ్గా దాటింది. కంకర మొదలయ్యాక రాళ్ళు బండి అడుక్కి టపటపా తగిలాయి.

మలుపు దగ్గరికొచ్చేసరికి కాళ్ళు వణుకుతాయనుకున్నాడు. లోయ వైపు రాళ్ళు నింపిన డ్రమ్ములు వరసగా పెట్టారు. కొండ వైపు తొలిచి దారి లోపలికి జరిపారు. తొలిచినచోట మట్టి పచ్చిగా, ఎర్రగా ఉంది.

"ఇదేనా?" అంది అక్క.

"ఇదే. ఆపనా?"

"వద్దు. పోనీ."

రెండో గేరులో దాటేశారు. కాళ్ళు వణకలేదు. అక్క కిందికి చూడలేదు. సంచీ జిప్పు తీసి, లోపల అన్నీ ఉన్నాయో లేవో చూసి, మళ్ళీ మూసింది. ఏదో ఒకటి ముంచుకొస్తుందని ఇద్దరూ గట్టిగా కూర్చున్నారు గానీ ఏదీ రాలేదు. వైపర్లు అటూ ఇటూ ఊగాయి.

వాగు కూడా సులువుగానే దాటారు. ఆఖరి ఎత్తు మీద సగం ఎక్కాక బండి ఆగిపోయింది. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి గానీ ముందుకి కదలదు. నత్త దిగి చూశాడు. గాళ్ళలో ఎర్రమట్టి పూడిపోయి, టైర్లు గుండు కొట్టించుకున్నట్టు నున్నగా ఉన్నాయి.

అక్కా దిగింది. "మడ్ టైర్లయితే ఎక్కేదా?"

"ఎక్కేదేమో."

ఆమె దారి పక్కనుంచి రాళ్ళు ఏరి చక్రాల కింద పెట్టడం మొదలుపెట్టింది. రెండోసారి పెద్ద రాయి ఎత్తుకొస్తూ జారి బోర్లా పడింది. నత్త చెయ్యందిస్తే పట్టుకోలేదు. తనే లేచింది. మొహమంతా మట్టి. చేతిలోని రాయిని ఎత్తి టైరుకేసి కొట్టింది. అది దభీమని తగిలి పక్కకి పడింది.

"నువ్వెలా బయటపడ్డావురా?"

నత్త వంగి ఆ రాయిని చక్రం కింద దోపాడు.

"చెప్పు! ఒకే బండి. ఒకే లోయ. నువ్వెలా బయటపడ్డావు?"

"నా వైపు తలుపు ఊడింది. నేను దూకలేదు అక్కా. నాకేం తెలీదు. తలుపు ఊడింది, అంతే."

"కనీసం తమ్ముడైనా మిగిలాడు అంటారు అందరూ. వచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట. నేను అవునండీ అనాలి. నువ్వు మిగిలినందుకు నాకు సంతోషంగా ఉండాలి కదా? ఉందో లేదో కూడా తెలియట్లేదురా నాకు. పోనీ, నీ మీద కోపమైనా వస్తుందా అంటే అదీ లేదు. నిన్ను చూస్తే ఏమీ అనిపించట్లేదు."

"నాక్కూడా" అన్నాడు నత్త.

"నీక్కూడా ఏంటి?"

"నన్ను చూసుకుంటే. ఏమీ అనిపించట్లేదు."

అక్క అతని వైపు చూసింది. తుంపర ఆమె మొహం మీది మట్టిని చారలు చారలుగా దించుతోంది. ఏడుస్తోందో లేదో అతనికి తెలియలేదు. ఆమెకీ తెలియనట్టే ఉంది.

"గాలి తగ్గిద్దామా?" అన్నాడు టైరు వైపు చూసి. "తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుంటుంది. ఎక్కొచ్చు."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు రాళ్ళేరుతున్నావు కదా."

ఆమె ముక్కులోంచి గాలి వదిలింది. నవ్వు కాదది. నవ్వు ఉండాల్సిన చోట వచ్చింది.

చెరో వైపూ గొంతుక్కూర్చుని రెండేసి చక్రాల గాలి తీశారు. టైర్లు బుస్సుమంటూ, బరువెత్తుకున్న మనిషి పాదంలా నేలమీద పరుచుకున్నాయి. నత్త మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆననట్టు పెట్టాడు. బండి ఒకసారి వెనక్కి జారి, పట్టు దొరికి, మెల్లగా పైకి పాకింది. అక్క పక్కన నడుచుకుంటూ వచ్చింది.

టవరు గదిలో పని పెద్దదే. చచ్చిన బ్యాటరీలన్నీ విప్పి కొత్తవి అమర్చాలి. నత్త మోసి అందించాడు, అక్క బిగించింది. "పదమూడో నంబరు పానా" అంటే పానా, "టేపు" అంటే టేపు. బావతో వచ్చినప్పుడు నత్త బండిలోనే పడుకునేవాడు. ఇంత దగ్గరగా ఈ పని ఎప్పుడూ చూడలేదు. చివరి తీగ తగిలించగానే గదిలో చిన్న చిన్న దీపాలు ఎర్రగా, తర్వాత పచ్చగా వెలిగాయి. కాసేపటికే అక్క జేబులో ఫోన్ మోగింది. సూపర్‌వైజరు.

"అంతా క్షేమమేనా అమ్మా?"

"టవరు పనిచేస్తోంది సార్" అని చెప్పి పెట్టేసింది.

బండి దగ్గరే నిలబడి తెచ్చుకున్న భోజనం తిన్నారు. దిగేటప్పుడు మలుపుని మళ్ళీ రెండో గేరులోనే దాటారు.

అంత తక్కువ గాలితో పదునైన కంకర మీద నడిస్తే టైర్లు కోసుకుపోతాయి. అందుకని మలుపు దాటాక, కంకరకి ముందు, నేల చదునుగా ఉన్నచోట ఆపి పంపు బండి బ్యాటరీకి తగిలించారు. అక్క గాలి కొలిచే మీటరు పట్టుకుని "ఇంకా, ఇంకా" అంటోంది. క్వారీ వైపు వెళ్తున్న కంకర లారీ ఒకటి పక్కనే ఆగింది. కిటికీలోంచి తల పెట్టి డ్రైవరు టైర్ల వైపు చూశాడు. ఇతనెవరో, అక్కెవరో, ఏం జరిగిందో అతనికి తెలియదు.

"కొత్తవా అన్నా? నేనూ నా జీపుకి వేద్దామనుకుంటున్నా. ఎలా ఉన్నాయి?"

నత్త అక్క వైపు చూశాడు.

"తారు మీద బాగున్నాయి" అంది అక్క. "కంకరకీ ఫర్లేదు. బురదలో గాలి తియ్యాలి."

"శబ్దం?"

"ఉంటుంది. అలవాటవుతుందంటున్నారు."

"అవుతుందా మరి?"

"ఏమో" అన్నాడు నత్త. "ఇవాళే కదా మొదలు."

లారీ వెళ్ళిపోయింది. అక్క మట్టి చేతుల్ని చొక్కాకి తుడుచుకుని, మీటరు తీసుకుని రెండో చక్రం దగ్గరికి నడిచింది. నత్త పంపు గొట్టం లాక్కుంటూ వెనకే వెళ్ళాడు.